ఇన్ఫినిటివ్‌ని తెలుగులోంచి చెప్పండి మాస్టారూ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లీషు నేర్చుకున్న పిల్లల నోట్సులు తిరగేయండి. ఇన్ఫినిటివ్ అంటే ‘టు ప్లస్ వీ వన్’ (‘టు’, దాని పక్కన క్రియ మొదటి రూపం) అని ఉంటుంది, చుట్టూ ఎర్ర పెన్నుతో డబ్బా. పేజీ తిప్పితే అదే చేత్తో ‘మై మదర్ మేడ్ మీ టు స్టడీ’ అని తప్పు వాక్యం ఉంటుంది. పిల్లని తిట్టి లాభం లేదు. ఫార్ములా ఎలా చెబితే అలాగే రాసింది. ఆ ఫార్ములాయే సగం అబద్ధం. నా కోపం దాని మీదే.

ఎవరు, ఎప్పుడు అన్నవి ఇంకా అంటుకోని క్రియే ఇన్ఫినిటివ్. ‘టు’ దానికి తోడు వచ్చే మాట మాత్రమే. పాత ఇంగ్లీషులో ఇన్ఫినిటివ్ ఒకే పదం, చివర ‘అన్’ ఉండేది. పాడటాన్ని ‘సింగన్’ అనేవారు. కాలక్రమంలో ఆ తోక అరిగిపోయింది, పక్కకి చేరిన ‘టు’ చాలాచోట్ల స్థిరపడిపోయింది. కొన్నిచోట్ల మాత్రం నిలబడలేదు. కెన్, మే, మస్ట్, లెట్, మేక్ తర్వాత ఇన్ఫినిటివ్ ‘టు’ లేకుండా ఒంటరిగానే వస్తుంది. దీన్ని క్లాసులో ‘మినహాయింపుల పట్టిక’ అని చెప్పి బట్టీ పట్టిస్తారు.

పట్టిక ఎందుకండీ? మన నోట్లోనే ఉంది కదా! ‘చేయగలను’ని విడదీయండి: చేయ, కలను. ‘చేయవచ్చు’: చేయ, వచ్చు. ‘చేయనిచ్చాడు’: చేయన్, ఇచ్చాడు. ఆ ‘చేయ’ ఒంటరి ఇన్ఫినిటివే, మన వ్యాకరణంలో తుమున్నర్థకం. కెన్, మే, లెట్ దగ్గర ఇంగ్లీషు ఏం చేస్తుందో తెలుగూ అదే చేస్తుంది. ‘చేయడానికి గలను’ అని మూడేళ్ల పిల్ల కూడా అనదు. ఇది చూపించి చెబితే ఇంటర్వ్యూలో ‘ఐ కెన్ ఏబుల్ టు డూ’ అనే పిల్లలు సగానికి సగం తగ్గిపోతారని నా గట్టి నమ్మకం.

మేక్ దగ్గరే చిక్కు. తెలుగులో ‘చదివించింది’ అని ఒక్క క్రియలో సరిపెట్టేస్తాం, ఇంగ్లీషులో రెండు కావాలి. ఆ రెండింటి మధ్య ఏదో ఖాళీ ఉన్నట్టు అనిపించి పిల్లలు ‘టు’ పెట్టేస్తారు. ‘మై మదర్ మేడ్ మీ స్టడీ’ చాలు. అయితే కర్మణిలోకి (పాసివ్ వాయిస్‌లోకి) మారిస్తే ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వాజ్ మేడ్ టు స్టడీ’. ఇదొక్కటి మాత్రం విడిగా నేర్పాల్సిందే, తెలుగు సాయపడదు.

స్టాప్ సంగతి చూడండి. బీచ్ రోడ్డులో ‘వీ స్టాప్డ్ టు ఈట్ ముంత మసాలా’ అంటే తినడానికి ఆగాం. ‘వీ స్టాప్డ్ ఈటింగ్ ముంత మసాలా’ అంటే తినడం మానేశాం. ‘డానికి’, ‘డం’ అంతే తేడా! రిమెంబర్‌తోనూ ఇలాగే. ‘రిమెంబర్ టు లాక్’ అంటే తాళం వెయ్యడం మర్చిపోకు, ‘ఐ రిమెంబర్ లాకింగ్’ అంటే వేసినట్టు గుర్తుంది. ఒకటి ఇంకా జరగాల్సిన పని, ఒకటి అయిపోయిన పని. జగదాంబ జంక్షన్‌లో ఒకాయన్ని చూసి ‘ఐ సా హిమ్ క్రాస్ ద రోడ్’ అంటే అవతలికి చేరేదాకా చూసినట్టు. ‘ఐ సా హిమ్ క్రాసింగ్’ అంటే దాటుతుంటే చూసినట్టు, చేరాడో లేదో చెప్పలేదు. ఇంత సన్నని తేడాలు తెలుగులో రోజూ మాట్లాడే పిల్లని గ్రామర్ రాదని కూర్చోబెడుతున్నాం.

‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అన్న మెయిల్ ఆఫీసుల్లో రోజూ కనిపిస్తుంది. అక్కడి ‘టు’ ఇన్ఫినిటివ్‌ది కాదు, మామూలు ప్రిపొజిషన్. అనుమానం వస్తే దాని తర్వాత ఒక వస్తువు పేరు పెట్టి చూడండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ద ట్రిప్’ కుదిరింది, కాబట్టి ‘మీటింగ్’ రావాలి. ‘వాంట్ టు ద ట్రిప్’ కుదరదు.

ఇక ‘టు’కీ క్రియకీ మధ్య ఏ మాటా రాకూడదని కొందరు మేనేజర్లు ఎర్రగీతలు కొడతారు. ఇంగ్లండ్‌లో కాంటర్‌బరీ చర్చి డీన్ హెన్రీ ఆల్‌ఫర్డ్ 1864లోనే అలా మధ్యలో మాట పెట్టడాన్ని తప్పుపట్టాడు, నిజమే. కానీ ఇంగ్లీషువాళ్లు అంతకుముందూ అలాగే రాశారు, తర్వాతా రాశారు. ఆ భయం పిల్లలకి అంటించకండి.

తెలుగు కలిపితే ఇంగ్లీషు రాదని తల్లిదండ్రులకి నూరిపోసినవాళ్ల మీద నాకు మరీ కోపం. ఇది గిడుగు రామమూర్తి గారి ప్రాంతం. సవర గిరిజన పిల్లలకి సవర భాషలోనే చదువు చెప్పించిన మనిషి ఆయన. వ్యావహారిక భాష కోసం ఆయనతో నిలబడ్డ పి.టి. శ్రీనివాస అయ్యంగార్ అప్పట్లో మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలే. పిల్లకి వచ్చిన భాషే చదువుకి దారి అన్న మాట ఈ ఊరికి కొత్తది కాదు.

‘ఇంగ్లీషు మీడియం పిల్లలకి తుమున్నర్థకం తెలీదు’ అంటారు. పేరు తెలియక్కర్లేదు. ఇంట్లో ‘రాలేను’, ‘వెళ్లనివ్వు’ అంటున్నారా లేదా? అది చాలు. మాస్టార్లని నేను అడిగేది ఒక్కటే. మొదటి రోజు ఫార్ములా రాసే ముందు, బోర్డు మీద ‘చేయగలను’ రాసి, మధ్యలో ఒక గీత గీసి, ఆ ‘చేయ’ ఏమిటో పిల్లల్నే చెప్పనివ్వండి.