భవనం సరే, గోడ మీది బొమ్మ?

చార్మినార్ ముందు ఫోన్ ఎత్తితే అడిగేవాడు ఉండడు. అదే ఫోన్ హైటెక్ సిటీలో ఏ అద్దాల భవనం ముందో ఎత్తి చూడండి. గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ గార్డు ఈల వేసుకుంటూ వచ్చేస్తాడు. ‘ఫోటోలు తీయొద్దు సార్, డిలీట్ చేయండి’ అంటాడు. ఎందుకంటే ‘ఆర్డర్’ అంటాడు. తాము నిలబడింది ఫుట్‌పాత్ మీదని మా ఫోటోగ్రాఫర్లు ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. గార్డును అని లాభం లేదు, ఆయనకు పైవాళ్లు చెప్పిందే చట్టం. ఆ పైవాళ్లు ఈమధ్య ఒక కొత్త మాట పట్టుకున్నారు: కాపీరైట్.

భవనానికి కాపీరైట్ ఉన్న మాట నిజమే. 1957 నాటి చట్టం దాన్నీ కళాకృతిగానే లెక్కేస్తుంది. రూపకర్త బతికున్నంతకాలం, ఆపైన మరో 60 ఏళ్లు హక్కు నడుస్తుంది. కానీ భవనాన్ని ఫోటో తీయడం, బొమ్మ గీయడం, వాటిని ప్రచురించడం ఉల్లంఘన కిందికి రావని అదే చట్టం 52వ సెక్షన్‌లో తేల్చి చెప్పింది. అమ్ముకోకూడదన్న షరతూ పెట్టలేదు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపిన విగ్రహాలకూ ఇదే వెసులుబాటు. హుస్సేన్‌సాగర్ బుద్ధుణ్ని, విజయవాడ స్వరాజ్య మైదానంలోని అంబేడ్కర్‌ను ఫోటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టినా, క్యాలెండర్ మీద అచ్చేసినా శిల్పిని అడగక్కర్లేదు.

ఇంత ధారాళం అన్ని దేశాల్లో లేదు. ఐఫెల్ 1923లోనే పోయారు కాబట్టి ఆయన టవర్ మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే 1985లో అమర్చిన దీపాలంకరణ వేరే సృష్టి అంటారు. పగటి ఫోటోకు లేని పేచీ, రాత్రి ఫోటోను వ్యాపారానికి వాడితే వస్తుంది. జర్మనీది ఇంకో తీరు. అక్కడ వీధిలోంచి తీస్తేనే స్వేచ్ఛ. వియన్నాలోని హుండర్ట్‌వాసర్ భవనాన్ని ఎదురింటి మేడ మీంచి తీసి పోస్టర్ వేస్తే, అది కుదరదని 2003లో జర్మనీ అత్యున్నత న్యాయస్థానం చెప్పింది. మన చట్టం మాత్రం భవనం ఫోటోను ఎక్కడ నిలబడి తీశావని అడగదు.

అడ్డుకునేవాళ్లు కలగాపులగం చేసేది ఇక్కడే. మాల్ లోపల కెమెరా వద్దనే హక్కు యజమానికి ఉంది. అది ఇంటివాడి హక్కు, దానికి కాపీరైట్‌తో పనిలేదు. ముంబయి తాజ్‌మహల్ ప్యాలెస్ హోటల్ 2017లో తన భవన రూపానికి ట్రేడ్‌మార్క్ తీసుకుంది. ఆ రూపాన్ని తన సరుకు మీద ముద్రగా వాడుకునే వ్యాపారికి అది చిక్కు తెస్తుంది. గేట్‌వే దగ్గర సెల్ఫీ దిగేవాళ్లకు టెన్షన్ అక్కర్లేదు.

అసలు చిక్కు గోడ మీది బొమ్మలతో. సెక్షన్‌లో శిల్పం ఉంది, హస్తకళ ఉంది, వర్ణచిత్రం లేదు. బుద్ధుడికి దక్కిన మినహాయింపు హైదరాబాద్ మక్తా బస్తీ గోడల మీది చిత్రాలకు దక్కలేదు. విడ్డూరం ఏమిటంటే, బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న ఏ కళాకృతినైనా సినిమాలో చూపించవచ్చని మరో నిబంధన ఉంది. సినిమా అంటే ఆ చట్టం లెక్కలో వీడియో కూడా. అంటే ఆ గోడ ముందు రీల్ తీస్తే ఫర్వాలేదు, ఫోటో తీసి పెడితే చిక్కు! ఈ తేడాకు ఏ తర్కమూ మాకు కనిపించడం లేదు.

చిత్రకారులకు అన్యాయం జరగాలని మేము కోరడం లేదు. ముంబయిలోని ఒక గోడచిత్రాన్ని తన ప్రకటనకు వాడుకున్న బీమా కంపెనీని, ఆన్‌లైన్ పోస్టులు తీసేయమని 2023లో ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. సబబైన మాటే. ఊరంతా చూసే బొమ్మ పక్కన సొంత సరుకు పేరు పెట్టుకునేవాడు డబ్బు చెల్లించాల్సిందే. బస్సు దిగి ఫోటో తీసుకున్న కాలేజీ పిల్లను కూడా అదే గాటన కట్టేయడం మాకు మింగుడుపడదు.

52వ సెక్షన్‌లో శిల్పం పక్కన వర్ణచిత్రాన్నీ చేర్చి, ప్రకటనలకు మాత్రం అనుమతి తప్పనిసరి చేయాలి. పార్లమెంటు కదిలేదాకా నగరపాలక సంస్థలు చేతులు ముడుచుకోనక్కర్లేదు. గోడలకు రంగులు వేయించేటప్పుడు చిత్రకారుడితో ఒప్పందం ఎలాగూ రాసుకుంటారు. జనం ఫోటోలు తీసి పంచుకోవచ్చన్న వాక్యం అందులోనే పెట్టించి, గోడ అడుగున చిత్రకారుడి పేరు పక్కన దాన్నే రాయిస్తే అయ్యే ఖర్చు మరో అర డబ్బా పెయింట్.