బయటపడ్డాం సరే, లోపలికెలా?

మా ఇంట్లో ఎమర్జెన్సీ అంటే మొన్నటిదాకా నా కళ్లజోడు కనబడకపోవడమే. నాలుగో తరగతి చదివే మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం పట్టుకొచ్చాక ఆ మాటకి అర్థం మారిపోయింది. పైన ‘కుటుంబ అత్యవసర ప్రణాళిక’ అని ఉంది. కింద నింపాల్సిన గళ్లు. ప్రతి గది నుంచీ బయటికి రెండు దారులు ఏవి? బయటికొచ్చాక అందరూ కలిసే చోటు ఏది? వేరే ఊళ్లో ఎవరికి మీ క్షేమం చెబుతారు? అన్నిటికన్నా కింద, ‘ఇంట్లో డ్రిల్ చేసి పట్టిన సమయం రాయండి.’

“వేరే ఊరి వాళ్లకే ఎందుకట?” అన్నాను.

“పెద్ద ప్రమాదం జరిగితే ఊళ్లో అందరూ ఒకేసారి ఫోన్లు చేస్తారు కదా నాన్నా, లైన్లు దొరకవు. ఒక్కోసారి బయటి ఊరికి కలుస్తుంది. అదీ మాట్లాడటం కన్నా మెసేజ్ అయితే వెళ్లే అవకాశం ఎక్కువ” అంది, ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

అసలు ఆ బడిలో నా పరువు అంతకుముందే పోయింది. కిందటి నెలలో పిల్లల్ని అప్పగించే రిహార్సల్ ఒకటి పెట్టారు. నిజంగా ఏదైనా జరిగిన రోజు తల్లిదండ్రులంతా గేటు మీద పడితే ఫైరింజన్‌కి దారుండదు, ఏ పిల్లని ఎవరు తీసుకెళ్లారో లెక్కా ఉండదు. అందుకని ఒక్కొక్కరినీ పిలిచి, గుర్తింపు కార్డు చూసి, జాబితాలో పేరుంటేనే పిల్లని ఇస్తారు. నా వంతొచ్చింది. టీచరు జాబితా పైనుంచి కిందికి చూశారు, కిందినుంచి పైకి చూశారు. “మీ పేరు లేదండీ.”

ఆ ఫారం నింపింది నేనే. ‘పిల్లను తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవారు’ అన్నచోట మా ఆవిడ పేరు, మా అమ్మ పేరు, ఆఖరికి వేరే ఊళ్లో ఉండే మా బావమరిది పేరు కూడా రాశాను. తండ్రికి మళ్లీ అనుమతేమిటని నా పేరు రాయలేదు. “ఈయన మా నాన్నేనండీ” అని మా అమ్మాయి సాక్ష్యం చెప్పింది. సాక్ష్యం చెల్లలేదు. మా ఆవిడ ఆఫీసు వదిలి వచ్చేదాకా గేటు పక్క బెంచీ మీద కూర్చున్నాను. తలచుకుంటే సిగ్గేగానీ, టీచర్ని తప్పు పట్టలేను. నాన్ననంటూ వచ్చిన ప్రతివాడికీ పిల్లని ఇచ్చేసే బడి నాకూ అక్కర్లేదు.

అందుకే ఈసారి ఇంటి ప్రణాళిక నా చేతుల మీదుగా జరగాలని పట్టుబట్టాను.

మొదట సంచి. మనిషికి రోజుకి నాలుగు లీటర్ల చొప్పున కనీసం మూడు రోజుల నీళ్లు ఉండాలట. నలుగురికి 48 లీటర్లు, అంటే 48 కిలోలు. ఆ సంచి మోయడానికి ఇంకో కుటుంబం కావాలి. నీళ్లు విడిగా అలమారలో పెట్టి, సంచిలో టార్చి, రేడియో, విజిల్, మందులు, కాగితాల జిరాక్సులు సర్దాను. టార్చి వెలగలేదు. విప్పి చూస్తే పాత బ్యాటరీలు కారిపోయి లోపల తెల్లగా పొక్కులు కట్టి ఉన్నాయి. మంటలార్పే చిన్న సిలిండర్ కూడా ఒకటి కొన్నాం. పిన్ను లాగి, మంట పైన కాదు, మొదట్లో కొట్టాలి. నొక్కడం మొదలుపెడితే 10–20 సెకన్లలో అయిపోతుంది. దాని మీద రాసింది చదవడానికి నాకు అంతకన్నా ఎక్కువే పడుతుంది, కళ్లజోడు ఉంటే. ఆఖరికి ఇంటి మారుతాళం చెవి కూడా సంచి లోపలి జేబులో వేసి జిప్పు పెట్టాను. అంత ముందుచూపు నాకుందని నాకే తెలీదు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకి డ్రిల్. పొగ అలారం టెస్ట్ బటన్ నేనే నొక్కాను. అది కుయ్యోమని మొత్తుకుంది.

మా అమ్మాయి పడగ్గది తలుపుని అరచేత్తో కాకుండా చేతి వెనక భాగంతో తాకి చూసింది. వేడిగా ఉంటే ఆ దారి వద్దని అర్థం. “చల్లగానే ఉంది! పాకండి!” అని కేక వేసింది. పొగ పైకి లేస్తుంది కాబట్టి పీల్చదగ్గ గాలి నేలకి దగ్గర్లో ఉంటుంది. సరేనని పాకాను. హాల్లో సోఫా పక్కకొచ్చేసరికి, ఆర్నెల్ల నుంచి వెతుకుతున్న టీవీ రిమోట్ దాని కిందే, దుమ్ములో, నా ముక్కుకి జానెడు దూరంలో. చేయి దానంతటదే వెళ్లింది.

“వస్తువులేవీ తీసుకోకూడదు నాన్నా!”

రిమోట్ వదల్లేదు. ఆఖరున వచ్చినవాళ్లు తలుపు మూసి రావాలి, మంటా పొగా తొందరగా పాకకుండా. ఆ పని మాత్రం శాస్త్రోక్తంగా చేశాను. టక్కుమని శబ్దం వచ్చింది. లిఫ్ట్ ఎక్కకుండా మూడంతస్తులూ మెట్ల మీదుగా దిగి, కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డాం. 1 నిమిషం 50 సెకన్లు.

మా అమ్మాయి హాజరు తీసింది. నలుగురిలో ముగ్గురే ఉన్నాం.

“నానమ్మ ఏది?”

మా అమ్మ రాత్రిళ్లు చెవి మిషన్ తీసేసి పడుకుంటుంది. తీశాక అలారం కాదు కదా, పిడుగు పడినా లేవదు. కాగితంలో ‘సాయం కావాల్సిన వాళ్లని ఎవరు లేపుతారు’ అన్న గడిలో నా పేరే రాశాను. ఆ సమయానికి నేను సోఫా కింద ఉన్నాను.

“ఉండండి, వెళ్లి తీసుకొస్తా” అన్నాను.

“బయటికొచ్చాక మళ్లీ లోపలికి వెళ్లకూడదు. ఏ గదిలో ఉన్నారో ఫైర్ వాళ్లకి చెప్పాలి.”

“వెళ్దామన్నా వెళ్లలేరులే” అంది మా ఆవిడ నెమ్మదిగా. “ఏమండీ, ఆ తలుపు మూస్తే దానంతటదే లాక్ పడుతుంది కదా. తాళం చెవి మీ దగ్గరుందా?”

నా దగ్గర రిమోట్ ఉంది. మారుతాళం చెవి సంచిలో ఉంది. వస్తువులేవీ తేకూడదు గనక సంచి ఇంట్లో ఉంది.

ఈలోగా అలారం విని చుట్టుపక్కల ఫ్లాట్ల వాళ్లు కిందికి దిగుతున్నారు. డ్రిల్ సంగతి వాళ్లకి ముందే చెప్పాలన్నది కూడా కాగితంలో ఉందట. చెప్పలేదు. “మంటలెక్కడండీ?” అని కింది ఫ్లాటాయన బనీనుతో పరుగెత్తుకొచ్చారు. నా చేతిలో రిమోట్ చూసి కాసేపు ఆగారు. అయినా పెద్దమనసుతో ఫోన్ ఇచ్చారు.

ఎవరికి చెయ్యాలి? చిన్నప్పటి మా ఇంటి ల్యాండ్‌లైన్ నంబరు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇప్పుడు వాడుకలో ఉన్నవి ఒక్కటీ రాదు. చాలా దేశాల్లో పనిచేసే 112 మాత్రం వచ్చు, కానీ నా తలుపు నేనే వేసుకున్నానని వాళ్లకెలా చెప్పడం? మా అమ్మాయికి వాళ్లమ్మ నంబరు కంఠతా వచ్చు, బడిలో పట్టించారు. గడగడా చెప్పింది. చేశాం. మూడో అంతస్తు కిటికీలోంచి సన్నగా మా ఆవిడ ఫోన్ రింగు వినిపించింది. చాలాసేపు వినిపించింది.

వేరే ఊళ్లో క్షేమం చెప్పాల్సిన మనిషిగా రాసింది మా బావమరిదిని. తమ్ముడి నంబరు మా ఆవిడకి గుర్తుంది. ‘అందరం క్షేమం. బయట ఉన్నాం’ అని మెసేజ్ పెట్టాం. నిమిషంలో జవాబొచ్చింది: ‘సంతోషం. ఇది ఎవరు?’

తలుపు బాదాం. విజిల్ సంచిలో ఉంది కాబట్టి మా అమ్మాయి వేళ్లతో ఈల వేసింది. తాళాలు తీసే మనిషి కోసం కింది ఫ్లాటాయన ముగ్గురికి ఫోన్ చేశారు. ఆదివారం, ఎవరూ ఎత్తలేదు. మెట్ల మీద కూర్చున్నాం. చేసేదేమీ లేక రిమోట్‌కి పట్టిన దుమ్ము తుడిచాను.

ఎనిమిది దాటాక, రోజూ లేచే వేళకే లేచి, మా అమ్మ తలుపు తీసింది. రాత్రి దుస్తుల్లో, కాళ్లకి చెప్పుల్లేకుండా కూర్చున్న ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

“పొద్దున్నే అందరూ కలిసి ఎక్కడికెళ్లొచ్చార్రా? నన్నొక్కదాన్నీ వదిలేసి?”

మా అమ్మాయికి అబద్ధం రాయడం రాదు. కాగితంలో ఉన్నదున్నట్టు నింపింది. బయటికి రావడానికి: 1 నిమిషం 50 సెకన్లు. మళ్లీ లోపలికి రావడానికి: 1 గంట 35 నిమిషాలు. వెంట తెచ్చిన వస్తువులు: టీవీ రిమోట్. కాపాడినవారు: నానమ్మ.

మంగళవారం కాగితం తిరిగొచ్చింది. కింద ఎర్రసిరాతో టీచరు రెండే మాటలు రాశారు: ‘మళ్లీ చేయండి.’