ముసలమ్మ కోడీ, ఆల్చిప్పలో ఆర్‌ఎన్‌ఏ: చిన్నాన్నతో ఓ వాదం

మా చిన్నాన్న పాతికేళ్ళుగా ముత్తుకూరు వైపు రొయ్యల హేచరీల్లో పనిచేస్తున్నాడు. నేను నెల్లూరులో డిగ్రీ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఒక ఆదివారం సాయంత్రం మైపాడు ఒడ్డున కూర్చుని ఉండగా ఆయన చేతిలో ఉన్న ఆల్చిప్ప దగ్గర మొదలైన మాట చీకటి పడేదాకా సాగింది. గుర్తున్నంత వరకు ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, ఆయన నన్ను ఓడించిన చోట్లతో సహా.

చిన్నాన్న: ఏందమ్మా, ఏదో చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క గురించి పిల్లలకి వారమంతా చెప్పావంట. లార్వా చస్తుంటే నేను చూసేది ఉప్పు, వేడి, ఆక్సిజన్, మేత. ఆ ముక్కని చూసి నేనేం చెయ్యాలి?

నేను: నువ్వు చూసేవన్నీ బయటివి చిన్నాన్నా. నీళ్ళలో ఉప్పు తగ్గితే లోపల కణం ఏదో ఒకటి మార్చుకోవాలి కదా, ఆ మార్చుకోవడం ఎట్లాగన్నదే నా ప్రశ్న. జన్యువు నుంచి ప్రోటీన్ తయారవ్వాలంటే మధ్యలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే చీటీ వెళ్ళాలి, మీ మేనేజరు రాసిచ్చే మేత చీటీ లాగా. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటే దాదాపు 22 అక్షరాల ముక్క. అది ఆర్గొనాట్ అనే ప్రోటీన్‌లో కూర్చుని, తన మొదట్లో ఉన్న ఏడెనిమిది అక్షరాలకి జత కుదిరే చీటీని పట్టుకుంటుంది. పట్టుకున్నాక ఆ చీటీని చదవడం తగ్గిపోతుంది, లేదా చీటీయే పాడైపోతుంది. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్ దీన్ని మట్టిలో బతికే ఒక మిల్లీమీటరు పురుగులో చూశారు, 2024లో వాళ్ళకి నోబెల్ వచ్చింది.

చిన్నాన్న: పురుగు సంగతి బాగుంది. నత్త సంగతి చెప్పు.

నేను: అదీ ఉంది. లెట్-7 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ కోసం 2000లో బోలెడు రకాల జంతువుల్లో వెతికారు. చేపలో, ఈగలో, నత్తల జాతిలో, మనిషిలో కూడా దొరికింది. నీకు నచ్చే సంగతేమిటంటే, అది మొదటి నుంచీ ఉండదు. పురుగులో, ఈగలో లార్వా దశ చివర్లో కనిపిస్తుంది, మొలస్కుల్లో, అంటే నత్తలు, ఆల్చిప్పలు, ఆక్టోపస్‌లు ఉండే జాతిలో, పెద్దయ్యాక కనిపించింది. అంటే పిల్ల దశ అయిపోయిందని చెప్పే గడియారం లాంటిది.

చిన్నాన్న: ఆగాగు. ముసలమ్మ కథ గుర్తుందా? తన కోడి కూస్తేనే ఊరికి తెల్లవారుతుందనుకుని, ఊరి మీద అలిగి కోడినీ కుంపటినీ సంకన పెట్టుకుని పోయింది. తెల్లవారడం ఆగిందా? పెద్దయ్యాక కనిపించిందంటే పెద్దవడం వల్లే వచ్చిందేమో. కోడి కూసిందని నువ్వు చూశావు, అంతే. కోడిని దాచి చూశారా?

(ఇక్కడ నాకు నిజంగా మాట రాలేదు. మొలస్కుల మీద వచ్చే పేపర్లలో చాలా వాటికి ఇదే జబ్బు. వేడి పెంచాం, ఫలానా మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెరిగాయి, ఫలానావి తగ్గాయి, ఒక పట్టిక, అక్కడితో ఆపేస్తారు.)

నేను: పురుగులో దాచి చూశారు. లెట్-7 చెడిపోయిన పురుగు పెద్దయ్యే దశ దాటలేక పగిలి చస్తుంది. మొలస్కులో లెట్-7 విషయంలో మాత్రం నేను అంత గట్టిగా చెప్పలేను, ఒప్పుకుంటున్నా. కానీ ఇంకో మొలస్కు ఉంది, అప్లీసియా. సముద్రపు కుందేలు అంటారు, పెంకు బయటికి కనపడని నత్త జాతి. దానికి దాదాపు 20,000 నాడీకణాలే, అందులో కొన్ని మిల్లీమీటరు దాకా ఉంటాయి. ఎరిక్ కాండెల్ దాని మీద పనిచేసి, జ్ఞాపకం ఎట్లా ఏర్పడుతుందో చూపించి 2000లో నోబెల్ తెచ్చుకున్నాడు. 2009లో ఆయన ల్యాబ్‌లో మిర్-124 అనే ముక్కని చూశారు. నాడీకణాలు కబురు పంపుకునే సెరటోనిన్ అనే రసాయనం తగిలితే అది తగ్గుతుంది, అది తగ్గితే క్రెబ్-1 అనే ప్రోటీన్ పెరుగుతుంది, నాడీకణాల మధ్య బంధం చాలాసేపు గట్టిగా నిలుస్తుంది. వాళ్ళు చూసి ఊరుకోలేదు, మిర్-124ని వాళ్ళే అడ్డుకుంటే ఆ బంధం ఇంకా పెరిగింది. కోడిని దాచారు చిన్నాన్నా!

చిన్నాన్న: ఇది మాట. ఇట్లాంటివి ముందే చెప్పకూడదా? మరి జ్ఞాపకాన్ని ఒక నత్త నుంచి తీసి ఇంకో నత్తకి ఎక్కించారని యూట్యూబ్‌లో చూశానే, అది కూడా ఇదేనా?

నేను: 2018లో వచ్చింది, అదీ అప్లీసియా మీదే. కరెంటు షాకులు తిన్న వాటి నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి, షాకు తెలియని వాటికి ఎక్కిస్తే అవి కూడా ముట్టుకోగానే ఎక్కువసేపు ముడుచుకున్నాయి. కానీ నేను దాన్ని నా వైపు సాక్ష్యంగా వాడను. వాళ్ళు ఎక్కించింది మొత్తం ఆర్‌ఎన్‌ఏ, అందులో ఏ ముక్క పని చేసిందో దాంతో తేలదు. పైగా ముడుచుకోవడం పెరిగినంత మాత్రాన జ్ఞాపకం బదిలీ అయిందనడం పెద్ద మాట. పిల్లలకీ ఇదే చెబుతాను.

చిన్నాన్న: సరే, నీ నిజాయితీకి ఒక మార్కు. ఇప్పుడు నా అసలు లెక్క. 94లో తెల్ల మచ్చ తెగులు వచ్చి టైగర్ రొయ్యని ఎట్లా తుడిచిపెట్టిందో ఈ జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు. నీ చిన్న ఆర్‌ఎన్‌ఏ వైరస్‌ని ఆపుతుందా? రొయ్య వద్దులే, నీ ఆల్చిప్పలోనే చెప్పు.

నేను: ఫ్రాన్స్‌లో 2008 నుంచి హెర్పిస్ జాతి వైరస్ వల్ల వేసవిలో ఆయిస్టర్, అంటే తినే ఆల్చిప్పల పిల్లలు గుట్టలుగా చస్తున్నాయి. ఆయిస్టర్లకి ముందుగా కృత్రిమంగా చేసిన రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ ఎక్కిస్తే ఆ వైరస్ నుంచి తట్టుకున్నాయని 2013లో చూపించారు.

చిన్నాన్న: ఆ ఎక్కించింది ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏనేనా?

నేను: కాదు. వైరస్‌తో సంబంధం లేనిదే.

చిన్నాన్న: అయితే అది చీటీని వెతికి పట్టుకోవడం కాదుగా. ఊళ్ళో ఎవరో దొంగ దొంగ అని అరిస్తే అందరూ తలుపులు వేసుకున్నట్టు! నువ్వు చెప్పిన అక్షరాల జత ఇందులో ఎక్కడుంది?

నేను: లేదు, నువ్వన్నదే సరి. ఈగలో ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే డైసర్ రెండు రకాలు, ఒకటి మైక్రో ఆర్‌ఎన్‌ఏలకి, ఒకటి వైరస్‌ల మీదికి. ఆల్చిప్పల జాతిలో మామూలుగా కనిపించేది ఒక్కటే, వైరస్‌ల కోసం విడిగా లేదు. వైరస్ విషయంలో నేను ఓడిపోయాను, రాసుకో.

చిన్నాన్న: ఇంకేముంది మరి?

నేను: చాలా ఉంది! ముత్యపు చిప్ప లోపల మెరిసే పొర చూశావుగా. చైనాలో ముత్యాల కోసం పెంచే చిప్పల్లోకి మిర్-29ఎ అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ నకలుని ఎక్కించి 2015లో చూశారు. ఇటుకలు పేర్చినట్టు వరసగా రావాల్సిన పొర గజిబిజిగా పెరిగింది. 22 అక్షరాల ముక్క మోతాదు మారితే గుల్ల కట్టుబడే మారిపోయింది. ఇంకా పై-ఆర్‌ఎన్‌ఏలని (piRNA) ఉన్నాయి, ఇవి కొంచెం పొడుగు, జన్యువుల్లో అటూ ఇటూ దూకే ముక్కల్ని అణచిపెడతాయి. ఎలుకలో ఇవి ముఖ్యంగా వృషణాల్లోనే ఉంటాయి. ఆయిస్టర్‌లో, చెరువు నత్తలో మాత్రం మామూలు ఒంటి కణజాలాల్లో కూడా ఉన్నాయని 2018లో తేలింది. ఇక ఆక్టోపస్ అయితే, ఆల్చిప్పతో ఉన్న ఉమ్మడి తాత నుంచి విడిపోయాక 90 కొత్త మైక్రో ఆర్‌ఎన్‌ఏ కుటుంబాల్ని తెచ్చుకుంది, అవి ఎక్కువగా పనిచేసేది మెదడులో, నరాల్లో. 2022లో వచ్చింది ఆ పని.

చిన్నాన్న: ఆల్చిప్ప ఎన్ని తెచ్చుకుంది?

నేను: ఐదు.

చిన్నాన్న: ఐదే! మరి ఆ ఐదు పెట్టుకుని ఇంత వాదిస్తావేం?

నేను: కొత్తవి ఐదు. పాతవి అట్లాగే ఉన్నాయి కదా. పాత కుటుంబాలు కోట్ల ఏళ్ళు చెడకుండా ఎందుకు నిలిచాయి? పనికిరానివైతే అక్షరం అక్షరం ఎప్పుడో కొట్టుకుపోయేవి.

చిన్నాన్న: (ఆల్చిప్పని అటూ ఇటూ తిప్పుతూ) ఇది నాకు బాగుంది. సరే, ఒక మాట అడుగుతా. కార్తీకంలో వానలు పడి పులికాట్‌లో నీళ్ళు చప్పబడితే ఈ చిప్పలు నోరు గట్టిగా మూసుకుని కూర్చుంటాయి. లోపల గాలి ఆడదు. అప్పుడు ఇది ఎట్లా తట్టుకుంటుంది? నీ ముక్కలకి ఏమన్నా సంబంధం ఉందా?

నేను: అట్లాంటిక్ ఒడ్డు నత్త ఒకటి ఉంది, లిట్టోరినా. దానికి ఆక్సిజన్ లేకుండా చేసినప్పుడు కొన్ని మైక్రో ఆర్‌ఎన్‌ఏలు పెరిగాయని 2012లో చూపించారు. ఖర్చు తగ్గించుకోవడానికి ప్రోటీన్ తయారీని ఇవి ఆపుతున్నాయేమోనని ఆలోచన.

చిన్నాన్న: ఏమోనని. మళ్ళీ కోడే.

నేను: అవును. అందుకే మన చిప్పల్లో చూడాలని నాకు.

చిన్నాన్న: వానలకి ముందొకసారి, నీళ్ళు చప్పబడ్డాక ఒకసారి, సూళ్ళూరుపేట వైపు వాళ్ళతో చెప్పి బతికున్న చిప్పలు నేను తెప్పిస్తాను. ఐస్ పెట్టెలో ఎట్లా పంపాలో నువ్వు చెప్పు. కానీ పెరిగింది, తగ్గింది అని పట్టిక తెచ్చి నా ముందు పెట్టావంటే ఒప్పుకోను. కోడిని దాచి, తెల్లవారిందో లేదో చూసి రా.