రాళ్ల శిక్ష అన్ని కేసులకూ కాదు

యూదు ధర్మశాస్త్రంలో వ్యభిచారానికి శిక్ష రాళ్లతో కొట్టి చంపడమేనని ఒక వ్యాసంలో తేల్చేశారు. అంత తేలిగ్గా లేదండీ. లేవీయకాండము 20:10 ఇద్దరికీ మరణశిక్ష అంటుందే గానీ ఎలాగో చెప్పదు. మిష్నా (యూదు మౌఖిక ధర్మాన్ని కూర్చిన గ్రంథం) ప్రకారం పెళ్లయిన స్త్రీ కేసులో గొంతు బిగించడం. రాళ్లతో కొట్టడం మాత్రం, ప్రధానం జరిగి ఇంకా కాపురానికి వెళ్లని కన్య కేసులో (ద్వితీయోపదేశకాండము 22:23-24).

మరణశిక్ష పడాలన్నా 23 మంది న్యాయమూర్తులు కూర్చోవాలి. ఇద్దరు సాక్షులు కావాలి. పైగా తప్పుకు ముందే శిక్ష ఏమిటో చెప్పి హెచ్చరించి ఉండాలి, ఆ తప్పు చేసేవాళ్లు ‘తెలిసే చేస్తున్నాం’ అనాలి. అలా ఎవరంటారు?

భార్య మీద ఉత్త అనుమానమైతే సంఖ్యాకాండము 5వ అధ్యాయంలోని నీటి పరీక్ష. అక్కడా భర్త ముందుగా సాక్షుల ఎదుట ‘ఫలానా వాడితో ఒంటరిగా ఉండకు’ అని చెప్పి ఉండాలి. ఆ తర్వాతే మట్టిపాత్రలో పవిత్ర జలం, ఆలయం నేల మీది ధూళి. శాపం రాసిన చుట్టను అందులో కడిగి తాగించడం. మచ్చ పడే సిరా పనికిరాదు, అక్షరాలు పూర్తిగా చెరిగిపోవాలి. వ్యభిచారులు పెరిగిపోవడంతో యోహానాన్ బెన్ జక్కయి అనే రబ్బీ (యూదు ధర్మ పండితుడు) దీన్ని ఆపించాడని మిష్నాయే చెబుతోంది.

ఇప్పటి రబ్బీల కోర్టుల్లో మిగిలింది వేరే: తప్పు రుజువైన భార్య భర్తకూ నిషిద్ధం, ప్రియుడికీ నిషిద్ధం. కెతుబా (పెళ్లి ఒప్పందం) ప్రకారం రావాల్సిన సొమ్ము కూడా పోతుంది.