గాలి కుదరని రోజు నష్టం ఎవరిది?

సెలవులంటే గోవా అనుకునే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. 2024 అక్టోబరులో సికింద్రాబాద్ నుంచి వాస్కోకు వారానికి రెండు రోజులు నడిచే రైలు మొదలయ్యాక ఆ ప్రయాణం ఇంకా సులువైంది. అలా వెళ్లినవారిలో కొందరు ఉత్తరాన పెర్నెం తాలూకాలోని కేరి పీఠభూమి దాకా పోయి, పైలట్ ముందు హార్నెస్‌లో (ఒంటికి పట్టీలతో బిగించే ఆసనంలో) కూర్చుని, సముద్రం మీద కొద్ది నిమిషాలు ఎగిరి వస్తున్నారు. ఇలా ఒకే రెక్క కింద ఇద్దరు కలిసి ఎగరడాన్నే ట్యాండెం పారాగ్లైడింగ్ అంటారు. తల పైన విచ్చుకునే ఆ గుడ్డ రెక్కను నడిపే పని అంతా వెనక కూర్చున్న పైలట్‌దే. అందుకే ముందురోజు దాకా ఆ పేరైనా వినని గృహిణి, కాలేజీ విద్యార్థి, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు కూడా ఎగరగలుగుతున్నారు. కింద అలలు, ఎదురుగా ఆకాశం, చెవుల్లో గాలి తప్ప వేరే శబ్దం లేని ఆ అనుభవం సామాన్యుడికి అందుబాటులోకి రావడం మంచి విషయమని మా అభిప్రాయం. మానుకోమని చెప్పడానికి ఈ మాటలు రాయడం లేదు. క్షేమంగా ఎగిరి రావాలంటే ఏం మారాలో చెప్పడానికి రాస్తున్నాం.

2025 జనవరి 18న కేరి పీఠభూమి దగ్గరే పుణెకు చెందిన 27 ఏళ్ల యువతి, ఆమెను తీసుకెళ్లిన యువ పైలట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. ఎగిరిన కాసేపటికే గ్లైడర్ లోయలో కూలింది. నిర్వాహకులకు అనుమతి లేదని పోలీసులు ప్రకటించి కేసు పెట్టారు. అదే నెలలో హిమాచల్‌లోని ధర్మశాల దగ్గర అహ్మదాబాద్ నుంచి వచ్చిన 19 ఏళ్ల అమ్మాయి చనిపోయింది. అంతకు ముందు ఏడాది ఫిబ్రవరిలో కులూ లోయలో తెలంగాణకు చెందిన 26 ఏళ్ల యువతి గాలిలోంచి కింద పడి మరణించింది. బెల్టు సరిగా ఉందో లేదో చూడకపోవడమే కారణమని ప్రాథమిక విచారణలో తేలడంతో పైలట్‌ను అరెస్టు చేశారు. కేరళలోని వర్కలలో 2023 మార్చిలో ఒక గ్లైడర్ పాపనాశం బీచ్‌లోని ఎత్తయిన విద్యుద్దీప స్తంభానికి చిక్కుకుంది. కోయంబత్తూరు నుంచి వచ్చిన మహిళ, ఆమెతో ఉన్న పైలట్ గంటకు పైగా ఆ స్తంభం చివర వేలాడారు. అగ్నిమాపక సిబ్బంది శ్రమతో బతికి బయటపడ్డారు.

ప్రతి దుర్ఘటన తర్వాతా వినిపించే మాటలు ఒక్కటే: లైసెన్సు ఉందా, అనుమతి ఉందా, పరికరాలను తనిఖీ చేశారా? ఇవన్నీ అడగవలసిన ప్రశ్నలే. వాటి వెనక అడగకుండా మిగిలిపోతున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. గాలి బాగాలేదని పైలట్ ఎగరడం మానుకుంటే, ఆ రోజు నష్టం ఎవరు భరిస్తున్నారు?

తీరంలో ఈ క్రీడ ఎలా సాగుతుందో తెలిస్తే ఆ ప్రశ్న బరువు అర్థమవుతుంది. పొద్దెక్కేకొద్దీ నీటికంటే నేల త్వరగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తుంటే సముద్రం మీది చల్లగాలి ఆ చోటులోకి వస్తుంది. దానికి ఎదురుగా గుట్ట అడ్డు నిలిస్తే ఆ గాలి వాలు వెంట పైకెక్కుతుంది. పారాగ్లైడర్‌కు ఇంజను ఉండదు. కదలిక లేని గాలిలో అది సెకనుకు సుమారు ఒక మీటరు చొప్పున దిగుతూనే ఉంటుంది. వాలు వెంట లేచే గాలి అంతకు తగ్గకుండా ఉంటే రెక్క కిందికి దిగకుండా గుట్ట ముందు అటూ ఇటూ తేలుతుంది. సముద్రం మీదుగా వచ్చే గాలికి దారిలో చెట్లు, ఇళ్లు, కొండలు తగలవు. అందువల్ల అది కొండప్రాంతాల్లో నేల వేడికి ఉన్నట్టుండి ఎగదన్నే గాలికంటే మృదువుగా, నిలకడగా ఉంటుంది. తొలిసారి ఎగిరేవారికి తీరం అనువైనదని అనుభవం ఉన్నవారు చెప్పేది ఇందుకే.

ఆ అనుకూలత రోజులో కొద్ది గంటలే ఉంటుంది. ఉదయం గాలి చాలదు. మధ్యాహ్నం దాటాక ఒక్కోరోజు మరీ పెరుగుతుంది. ట్యాండెం గ్లైడర్ మామూలుగా గంటకు 40 కిలోమీటర్లకు అటూ ఇటుగా ముందుకు సాగుతుంది. ఎదురుగాలి దానికి దగ్గరపడితే గ్లైడర్ ఉన్నచోటే నిలిచిపోతుంది. మించితే గుట్ట మీదుగా వెనక్కి కొట్టుకుపోతుంది. గుట్ట వెనక గాలి సుడులు తిరుగుతుంటుంది, అక్కడికి చేరిన రెక్క ముడుచుకుపోయే ప్రమాదం ఎక్కువ. గాలి వేగం మారకుండా దిశ ఒక్కటే పక్కకు మళ్లినా, వాలు వెంట లేవవలసిన గాలి లేవదు. పైగా తీరపు గుట్టలు చాలాచోట్ల వంద మీటర్ల లోపే. రెక్క పనిచేయనప్పుడు వాడేందుకు పైలట్ దగ్గర ఉండే రిజర్వ్ పారాచూట్ విచ్చుకోవాలంటే కింద తగినంత ఎత్తు మిగిలి ఉండాలి. హిమాలయాల్లో నేలకు వందల మీటర్ల పైన రెక్క ముడుచుకుంటే సరిదిద్దుకోవడానికో, రిజర్వ్ విసరడానికో సమయం ఉంటుంది. తీరంలో చాలాసార్లు అది ఉండదు. నీళ్లలో పడితే తడిసిన రెక్క, చుట్టుకునే తాళ్లు, నడుముకు బిగిసిన హార్నెస్ కలిసి ఈత వచ్చినవారిని కూడా కిందికి లాగుతాయి. అంటే తీరంలో ప్రాణాలు కాపాడే నిర్ణయం నేల మీద ఉండగానే జరిగిపోవాలి. ఎగరాలా, వద్దా అన్నదే ఆ నిర్ణయం.

సెలవు మీద వచ్చిన కొత్త మనిషి ఆ నిర్ణయంలో పాలుపంచుకోలేడు. కొన్ని సంగతులు మాత్రం తానే చూసుకోగలడు. హెల్మెట్ సరిపోయిందా, కాళ్ల పట్టీలు రెండూ, ఛాతీ పట్టీ బిగిశాయా, తన హార్నెస్ రెండు వైపులా కొక్కేలకు తగిలించి ఉందా, నీటి మీదికి వెళ్లే చోట లైఫ్ జాకెట్ ఇచ్చారా అని కళ్లతో చూసి, చేత్తో తడిమి తెలుసుకోవచ్చు. కాళ్ల పట్టీల విషయంలో మొహమాటం అసలు వద్దు. అవి వదులైతే మనిషి హార్నెస్‌లోంచి జారిపోతాడు. పరుగెత్తమన్నప్పుడు ఆపకుండా పరుగెత్తాలి. కాళ్లు నేలను వదిలాయని అనిపించగానే కూలబడకూడదు, పైలట్ చెప్పాకే కూర్చోవాలి. ఇంతవరకు ఎవరైనా నేర్చుకోవచ్చు. గాలి ఎలా ఉందో చదవడం మాత్రం ఏళ్ల తరబడి చేస్తే గాని రాదు. అందుకే ఆ విషయంలో ప్రయాణికుడు తన బతుకును పూర్తిగా పైలట్ చేతిలో పెడుతున్నాడు.

ఆ పైలట్ మీద ఉన్న ఒత్తిడి చూడండి. చాలాచోట్ల అతనికి నెలజీతం లేదు, ఎగిరినన్ని సార్లకే డబ్బు. ప్రయాణికుణ్ని బీచ్ నుంచి తెచ్చిన ఏజెంటుకు వాటా, జీపు డ్రైవరుకు వాటా, వీడియో తీసినవారికి వాటా పోగా మిగిలింది అతనిది. గోవాలో సీజను వానలు వెళ్లాక మొదలై వేసవి ముదిరేలోగా ముగుస్తుంది. ఆ కొద్ది నెలల్లో, రోజుకు కొద్ది గంటల్లో సంపాదించింది ఏడాది పొడవునా సరిపోవాలి. వరుసలో నిలబడినవారిలో సగం మందికి మరునాడు తిరుగు ప్రయాణం. ముందే డబ్బు కట్టారు, ఎండలో గంటలు వేచి ఉన్నారు, పిల్లలు గొడవ చేస్తున్నారు. గాలి కాస్త పెరిగింది, ఆపుదామా అన్న అనుమానం ఆ క్షణంలో వచ్చిన పైలట్ ముందు రెండు దారులున్నాయి. ఆపితే తన కూలి పోతుంది, యజమానితో మాట పడాలి, పర్యాటకులతో వాదన పెట్టుకోవాలి. ఎగిరితే చాలాసార్లు ఏమీ కాదు. ఏమీ కాకపోవడమే మరుసటి అనుమానాన్ని కూడా తోసిపుచ్చే ధైర్యం ఇస్తుంది. కేరిలో పోయిన రెండు ప్రాణాల్లో ఒకటి పైలట్‌దేనని మరచిపోకూడదు. అరెస్టులతో అతన్ని మాత్రమే బోనులో నిలబెట్టి, అతన్ని ఎగరమని తోసే లెక్కను వదిలేస్తే ఏమీ మారదు.

ఈ క్రీడ పుట్టింది కూడా డబ్బు లెక్క నుంచే. 1978లో ఫ్రాన్స్ ఆల్ప్స్‌లోని మియుసీ దగ్గర కొందరు పారాచూటిస్టులు విమానం ఖర్చు లేకుండా దూకడం సాధన చేయాలని కొండవాలు మీంచి పరుగెత్తి గాలిలోకి లేచారు. ఇప్పుడు అదే క్రీడను డబ్బు లెక్క ప్రమాదంలోకి నెడుతోంది కాబట్టి, సరిచేయడం కూడా అక్కడి నుంచే మొదలుకావాలి.

ఏ రాష్ట్రమైనా పారాగ్లైడింగ్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు రెండు షరతులు పెట్టాలని మేము కోరుతున్నాం. గాలి బాగాలేక ఎగరకపోతే పర్యాటకుడి డబ్బు మొత్తం అదే రోజు తిరిగి రావాలి. తర్వాత ఎప్పుడైనా రండి అన్న చీటీ చాలదు, ఎందుకంటే సెలవు మీద వచ్చినవాడు మళ్లీ ఎప్పుడొస్తాడో అతనికే తెలియదు. అలా ఆపిన రోజు పైలట్‌కు నిర్ణీత కూలి అందాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందని నిర్వాహకులు అడుగుతారు. ప్రతి టికెట్టు మీద కొద్దిమొత్తం తీసి ఉమ్మడి నిధిలో వేస్తే వస్తుంది. టికెట్టు ధర కొంచెం పెరుగుతుంది, పెరగనివ్వండి. ఎగరవద్దని చెప్పిన పైలట్‌కు ఆ రోజు కూడా ఇంట్లో పొయ్యి వెలిగితే, ఆ మాట చెప్పడం అతనికి సులువవుతుంది. ఎగరాలా వద్దా అన్న తుది మాట కూడా టికెట్లు అమ్మే మనిషిది కాకూడదు. గుట్ట మీద గాలి కొలిచే పరికరంతో నిలబడే, అమ్మకంతో సంబంధం లేని ఒక అధికారిదై ఉండాలి.

వీడియో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చాలామంది పర్యాటకులకు ఎగరడం ఎంత ముఖ్యమో ఫోనులో పెట్టుకునే దృశ్యం అంతే ముఖ్యం. అందులో తప్పు లేదు. ఆ కెమెరా కర్రను పైలట్ చేత పట్టించడం తప్పు. తీరపు గుట్టకు దగ్గరగా, తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు అతని రెండు చేతులూ రెక్కను అదుపు చేసే బ్రేకు తాళ్ల మీదే ఉండాలి. కెమెరాను హెల్మెట్‌కో, రెక్క తాడుకో బిగించి తీసిన దృశ్యం కొంత వంకరగా వచ్చినా సరే.

ఎగిరే ముందు పర్యాటకుడి చేత సంతకం పెట్టించుకునే కాగితం మరో సమస్య. ఏం జరిగినా మాది బాధ్యత కాదని అందులో రాసి ఉంటుంది. చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఆ సంతకంతో హక్కులన్నీ పోయినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అది నిజం కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అన్యాయమైన ఒప్పందాలను సవాలు చేసే అవకాశం ఇచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేసుకోవచ్చని కూడా ఆ చట్టం చెప్పింది. గోవాలో గాయపడిన నల్గొండ మనిషి పనజికి తిరగనక్కర్లేదు, నల్గొండలోనే ఫిర్యాదు చేయవచ్చు. సలహా కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. బీమా విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. వ్యక్తిగత ప్రమాద బీమా, ప్రయాణ బీమా పాలసీల్లో చాలావాటిలో సాహస క్రీడలకు పరిహారం వర్తించదు. కాబట్టి టికెట్టులోనే ప్రయాణికుడి బీమా కలిసి ఉండాలి. ఆ పాలసీ సంఖ్య టికెట్టు మీద అచ్చయి ఉండాలి.

కేంద్రం 2022 జూన్‌లో జాతీయ వాయు క్రీడల విధానాన్ని ప్రకటించింది. భారత వాయు క్రీడల సమాఖ్యను పై స్థాయి సంస్థగా పెట్టి, భద్రతా ప్రమాణాలు రూపొందించే బాధ్యతను అప్పగించింది. హిమాచల్ అంతకు ముందు నుంచే సొంత నిబంధనలతో నడుస్తోంది. వానాకాలంలో జులై 15 నుంచి సెప్టెంబరు 15 దాకా అక్కడ ఎగరడం నిషేధం. అయినా అక్కడే ప్రమాదాలు జరుగుతున్నాయంటే కాగితం మీది నిబంధనకు, గుట్ట మీది మధ్యాహ్నానికి మధ్య దూరం ఎంతో తెలుస్తోంది.

ఇది మనకు దూరపు విషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌కు పొడవైన తీరం ఉంది, పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చిన ప్రభుత్వం ఉంది, సముద్రానికి ఆనుకుని కొండలున్న విశాఖపట్నం ఉంది. పర్యాటకుణ్ని పడవకు కట్టి లాగే పారాసెయిలింగ్ తెలిసిన ఊరికి, కొండ మీంచి ఎగిరే పారాగ్లైడింగ్ ఎందుకు వద్దని ఎవరైనా అడగవచ్చు. మేమూ రావాలనే కోరుతున్నాం. అయితే విశాఖలో ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ విమాన స్థావరం ఉంది. నౌకాదళం ఒప్పుకోకుండా ఆ ఆకాశంలోకి ఎవరూ వెళ్లడానికి వీల్లేదు. కైలాసగిరికి, సముద్రానికి మధ్య బీచ్ రోడ్డు, దాని మీద వాహనాలు ఉన్నాయి. దిగే చోటు చూసుకోకుండా ఎగిరే చోటు నిర్ణయిస్తే వర్కల దీపస్తంభం ఇక్కడా ఎదురవుతుంది. ఎర్రమట్టి దిబ్బలను మాత్రం ఈ ఆలోచనలోకి రానివ్వకూడదు. వేల ఏళ్ల నాటి ఆ ఇసుక నేల రోజుకు వందల పాదాల పరుగును తట్టుకోదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం కాబట్టి పశ్చిమ తీరపు సీజనును ఇక్కడ దించుకోవడం కూడా కుదరదు.

ఏ కొండనైనా ఖరారు చేయడానికి ముందు ఏడాదిపాటు అక్కడి గాలి వేగాన్ని, దిశను గంట గంటకూ నమోదు చేయించాలి. ఆ లెక్కలు అందరికీ తెలిసేలా పెట్టాలి. పర్యాటక శాఖ ఎప్పుడు టెండరు పిలిచినా, ఎగరని రోజు పర్యాటకుడి డబ్బు వాపసు, పైలట్ కూలి అన్న రెండు షరతులు అందులో మొదటి పేజీలోనే ఉండాలి.