పావు వంతు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ పావు వంతు గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ క్షేమం గురించి నాకు బెంగ లేదు. పుట్టుకతోనే భిన్నం మీరు, కొత్తగా విరగడానికి ఏముంది? నా సంగతి అడిగితే, కుడి చేతి బొటనవేలూ చూపుడువేలూ ప్రస్తుతం సూపర్ గ్లూతో ఒకటైపోయి ఉన్నాయి. అందుకే ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు మన్నించాలి.

మనకు పరిచయమైన రోజు మీకు గుర్తుండకపోవచ్చు. మూడేళ్ళ క్రితం, రేడియోతో ఎగరేసే మోడల్ విమానం ఒకటి కట్టుకుందామని, టైగర్ మాత్ ప్లాన్ తెప్పించి నేల మీద పరిచాను. అసలు టైగర్ మాత్ రెండంతస్తుల రెక్కల (బైప్లేన్) శిక్షణ విమానం, 1931లో మొదటిసారి ఎగిరింది. గది సరిపోక ప్లాన్ సగం మంచం కిందకి, సగం గుమ్మం బయటికి పోయింది. అప్పుడే నాకు తెలివి రావాల్సింది. కానీ మూలన చిన్న అక్షరాల్లో 'స్కేలు 1/4' అని కనిపించేసరికి, పావే కదా అని ధైర్యం వచ్చేసింది. పావుగంటలో వచ్చేస్తానన్న మనిషిని నమ్మకూడదని తెలిసినవాణ్ణి, పావు వంతు విమానాన్ని ఎలా నమ్మానో ఇప్పటికీ అర్థం కాదు.

అసలు విమానం రెక్కల కొస నుంచి కొసకు 29 అడుగుల 4 అంగుళాలు. పావు అంటే 7 అడుగుల 4 అంగుళాలు. పొడవు ఇంచుమించు ఆరడుగులు. ఆరడుగుల వస్తువును ఇంట్లో ఎవరూ మోడల్ అనరు, 'అది' అంటారు. "అది ఇంకా ఎన్నాళ్ళు?" అంటారు. విమానాన్ని పావు చేశారు సరే, తలుపును కూడా దానికి తగ్గట్టు పెంచే ఏర్పాటు ఏదైనా చేసి ఉండాల్సింది.

పైకి మాత్రం మీ లెక్క ఎంత మర్యాదగా ఉంటుందో! పొడవు నాలుగో వంతు, విస్తీర్ణం పదహారో వంతు, బరువు 64వ వంతు. పూర్తి బరువుతో ఎగిరే అసలు టైగర్ మాత్ 828 కిలోలు. 64తో భాగిస్తే 13 కిలోలకు కాస్త తక్కువ. ఆ అంకెను కాగితం మీద రాసి గోడకు అంటించుకుని మరీ పని మొదలుపెట్టాను. నా విమానం 15 కిలోలు తూగింది. ఆ రెండు కిలోలు ఎక్కడ చేరాయా అని వెతికితే ప్రతి దారీ మీ ఇంటి ముందే ఆగింది.

రంగునే తీసుకోండి. రంగు పూసేది విస్తీర్ణానికి, కాబట్టి అది పదహారో వంతు పడుతుంది. పొర మందాన్ని కూడా పావు చేసి పూసే బ్రష్ ఇంకా పుట్టలేదు. తక్కిన విమానమంతా బుద్ధిగా 64వ వంతుకు తగ్గితే, రంగు మాత్రం తన వాటాకు నాలుగింతలు నొక్కేసింది. ఉమ్మడి ఆస్తిలో ఇలా చేసినవాళ్ళ మీద కోర్టుకెళ్తారు. నేను శాండ్‌పేపర్ తీసుకుని గోకాను. జిగురు కూడా ఇదే రకం, దాని గురించి రాయడానికి ప్రస్తుతం నా వేళ్ళు ఒప్పుకోవు.

ఇంజన్ దగ్గర ఇంకో రకం. అసలుదానికి 130 గుర్రాల శక్తి గల నాలుగు సిలిండర్ల ఇంజన్, 130 కిలోల పైమాటే. అందులో 64వ వంతు అంటే ముక్కులో 2 కిలోలు ఉండాలి. నా 55 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ ఒకటిన్నర కిలో. ముక్కు తేలిక, తోక బరువు. తోకలో ఒక గ్రాము ఎక్కువైతే ముక్కులో మూడు గ్రాములు పెట్టాలి, ఎందుకంటే బ్యాలన్స్ చూసుకునే చోటు నుంచి తోక అంత దూరంలో ఉంటుంది. బరువు తగ్గించాలని రెండేళ్ళ పాటు యాభైకి పైగా బాల్సా చెక్క రిబ్బులకు, అంటే రెక్క పక్కటెముకలకు, కన్నాలు పెడుతూ కూర్చున్నవాణ్ణి, ఆఖరికి 700 గ్రాముల సీసం ముక్కలు తెచ్చి, ఇంజన్ పక్కన, నా చేతులతో నేనే, బోల్టులేసి బిగించాను.

గుర్రాల సంగతి కూడా చెప్పుకోవాలి. మీ సూత్రం ప్రకారం బరువు 64వ వంతు, వేగం సగం (ఎందుకో తర్వాత చెప్తాను), కాబట్టి శక్తి 128వ వంతు. అంటే ఒక్క గుర్రం చాలు. నేను కట్టింది ఐదు. తక్కిన నాలుగూ భయానికి.

ఇవన్నీ క్షమిస్తాను. క్షమించలేనిది కోణాల విషయం. పొడవుకు పావు ఉంది, డిగ్రీకి లేదు. రెండు డిగ్రీలు పెద్ద విమానంలోనూ రెండు డిగ్రీలే, చిన్నదాంట్లోనూ అంతే. నా రెక్క వెడల్పు 33 సెంటీమీటర్లు. ముందు అంచు 3 మిల్లీమీటర్లు పైకి లేచిందంటే అర డిగ్రీ తప్పినట్టే. ఒంటి రెక్క విమానమైతే ఆ తప్పును ట్రాన్స్‌మిటర్లో ట్రిమ్ మీట (చిన్న సర్దుబాట్లకు ఉండేది) నొక్కి దాచుకోవచ్చు. ఇక్కడ పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు ముక్కలు, నాలుగూ ఒకదానితో ఒకటి ఒప్పుకోవాలి. ఎడమ పైది సర్దితే కుడి కిందది అలుగుతుంది. దాన్ని బుజ్జగించి వచ్చేసరికి ఎడమది మళ్ళీ మొదటికి.

చాలదన్నట్టు ఆ రెక్కలు వెనక్కి వంగి ఉంటాయి. దీని వెనక ఒక కథ ఉంది. ముందు సీట్లో కూర్చునే శిక్షకుడు ప్రమాదం వస్తే పారాచూట్‌తో సులువుగా బయటపడాలని పై రెక్క మధ్య భాగాన్ని ముందుకు జరిపారు. దాంతో బ్యాలన్స్ చెడింది. సరిచేయడానికి రెక్కల కొసలను వెనక్కి వంచారు. మంచి పనే. కానీ స్వామీ, నా విమానంలో ముందు సీటు ఖాళీ. అందులోంచి దూకేవాడు ఎవడూ లేడు. లేని మనిషి ప్రాణాలు కాపాడటానికి నేను ఒక్కో రిబ్బు మొదలునూ ఆ వంపుకు తగ్గట్టు ఏటవాలుగా కోసుకుంటూ పోయాను.

తీగల గురించి ఎవరిని నిందించాలో నాకు స్పష్టంగా తెలుసు. 1896లో ఆక్టేవ్ షనూట్ అనే వంతెనల ఇంజనీర్ ఒక గ్లైడర్ తయారు చేయించి, వంతెనకు చేసినట్టే, రెండు రెక్కల మధ్య నిలువు కర్రలు నిలబెట్టి ఏటవాలుగా తీగలు బిగించాడు. అప్పటి నుంచీ బైప్లేన్ అంటే ఎగిరే వంతెన. గాల్లో ఉన్నప్పుడు ఫ్లయింగ్ వైర్లు రెక్కలు పైకి మడుచుకోకుండా లాగి పట్టుకుంటాయి, నేల మీద ల్యాండింగ్ వైర్లు అవి కిందికి వాలకుండా మోస్తాయి. ఒకదాన్ని బిగించాలంటే ముందు ఇంకొకదాన్ని వదులు చేయాలి. కంటికి కనిపిస్తే చాలు, రబ్బరు దారాలు కట్టుకో అని తెలిసినవాళ్ళు మంచి మాటే చెప్పారు. నేను నిజం తీగలే పెట్టాను. మీటితే ఒక్కోటీ ఒక్కో రాగం.

ఇవన్నీ బిగించాల్సిన నా వేళ్ళు మాత్రం ఫుల్ సైజు. ఒకసారి తోక లోపల నట్టు జారిపోయింది. విమానాన్ని తలకిందులు చేసి ఊపితే ఆ నట్టు రాలేదు గానీ, ఆర్నెల్ల క్రితం పోయిన వాషర్ వచ్చింది.

పోయిన ఆదివారం మొదటిసారి ఎగరేశాను. రెక్కలు తగిలించి, తీగలు బిగించి, రేడియో రేంజి చూసుకునేసరికి గంట గడిచింది. నిజం చెప్పాలంటే, లేచిన తీరు చూసి మీ మీద కోపం సగం పోయింది. తోక ముందు లేచి, చక్రాలు నేలను వదలాలా వద్దా అన్నట్టు కాసేపు పరిగెత్తి, మెల్లగా గాల్లోకి తేలింది. మలుపులో ఎయిలెరాన్లు (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) మాత్రమే వాడితే ముక్కు అవతలి వైపు తిరుగుతుంది, అసలు టైగర్ మాత్‌కున్న బుద్ధే అది. ఎడమ బొటనవేలితో చుక్కాని కూడా కలిపితేనే మాట వింటుంది.

మిగిలిన సగం కోపం వేగం మీద. పావు విమానం పావు వేగంతో ఎగిరితేనే కంటికి అసలుదానిలా, తాపీగా కనిపిస్తుంది. ఆ వేగానికి రెక్కలు బరువు మోయవు. బరువు 64వ వంతు, రెక్క పదహారో వంతు అయినప్పుడు వేగం సగం కన్నా తగ్గనివ్వని లెక్క కూడా మీదే. అసలుది గంటకు 108 కిలోమీటర్ల వేగంతో విహారం చేస్తే నాది 54కి అటూ ఇటూ పోవాలి. చూసేవాళ్ళకు అదేదో రైలు అందుకోవాల్సినట్టు కనిపిస్తుంది. గాలి గంటకు 15 కిలోమీటర్లు వీస్తే, ఈ లెక్కలో పాపం దానికి 30 వీచినట్టు. నాకు పెద్ద గాలి కాదు, ఒళ్ళు చల్లబడింది, అంతే.

దిగేటప్పుడు గడ్డి 8 సెంటీమీటర్లుంది. నాకది గడ్డి. మీ లెక్కలో 32 సెంటీమీటర్లు, పిక్కల దాకా పెరిగిన పొలంలో విమానాన్ని దించడం. చక్రాలు చిక్కుకున్నాయి. తోక లేచింది. ముక్కు మీద నిలబడి, ఒక క్షణం ఆలోచించుకుని, వెల్లకిలా పడింది. ఆ పల్టీకి 700 గ్రాముల సీసం తన వంతు సాయం చేసే ఉంటుంది. ప్రొపెల్లర్ రెండు ముక్కలైంది, చుక్కాని పై భాగం నలిగింది. వెనక సీట్లో తలకిందులుగా వేలాడుతున్న పావు పైలట్ బొమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు.

ఆ చుక్కాని అతికిస్తుండగానే ఈ వేళ్ళు అతుక్కున్నాయి. విన్నపం ఒక్కటే. ఈ మరమ్మతుకు పట్టే కాలమైనా పావు చేయించండి. పెద్ద పనేం కాదు, నాలుగు రోజుల్లో అయిపోతుందని మీరు అనొచ్చు. ప్లాన్ పరిచిన రోజు కూడా మీ మొహం అలాగే పెట్టారు.

ఇట్లు,
తమ ఆటలో ఒక పావు