అమెచ్యూరిజం గారికి, టికెట్ కొన్నవాడి ఉత్తరం

మహారాజశ్రీ అమెచ్యూరిజం గారికి,

ఆటగాళ్ళు డబ్బు పుచ్చుకోకూడదన్న టెన్నిస్ కట్టుబాటు మీరు. మీరు 1968లోనే కాలం చేశారని తెలుసు. మా వైపు చావు కబురు రాసిన కార్డుకి మూల చింపి పంపేవాళ్ళు. మీ విషయంలో ఎవరూ చింపినట్టు లేదు. ఇప్పటికీ "ఆ రోజుల్లో ఆటంటే ఆటే, డబ్బు కోసం ఆడేవాళ్ళా?" అని నిట్టూర్చే పెద్దమనుషులు తగులుతూనే ఉంటారు. వాళ్ళ పోరు పడలేక ఈ ఉత్తరం.

మీ సిద్ధాంతం నాకు అర్థమైనంతవరకు ఇదీ. టెన్నిస్ మీద ఎవరైనా సంపాదించుకోవచ్చు. టికెట్లమ్మే క్లబ్బు, గది అద్దెకిచ్చే హోటలు, పేపరమ్మే కుర్రాడు, అందరూ. బంతి కొట్టే మనిషి మాత్రం ఆ సొమ్ము ముట్టకూడదు, ముడితే మైల. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడం విన్నాను. ఆ అల్లుడే అత్తని కూర్చోబెట్టి వైరాగ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం మీ ఇంట్లోనే చూశాను.

సుజాన్ లెంగ్లెన్ గుర్తుందా? 1899లో పారిస్‌లో పుట్టిన పిల్ల. తండ్రి చార్లెస్ కోర్టులో ఒక మూల రుమాలు పరిచేవాడు. బంతి దాని మీదే పడాలి. పడితే రుమాలు ఇంకో మూలకి జరిగేది. మా ఇళ్ళల్లో ఎక్కాల పుస్తకంతో జరిగే పని అక్కడ రుమాలుతో జరిగింది. పదిహేనో పుట్టినరోజు దాటిన కొద్ది రోజులకే, 1914లో, పారిస్ పక్కన సాన్‌క్లూలో జరిగిన ప్రపంచ హార్డ్‌కోర్ట్ పోటీ గెలిచేసింది. అంతలో యుద్ధం వచ్చిపడింది. నాలుగేళ్ళు పోయాయి.

1919 వింబుల్డన్‌కి మీరూ వచ్చే ఉంటారు, రాజుగారి వెనక వరసలో. ఒకవైపు ఏడుసార్లు గెలిచిన డొరోథియా లాంబర్ట్ ఛేంబర్స్, నలభై ఏళ్ళావిడ, కాలి మడమల దాకా స్కర్టు. ఇటువైపు ఇరవై ఏళ్ళ సుజాన్, పిక్కల దాకా గౌను, మోచేతులు కనిపిస్తున్నాయి. అది చూసి నోళ్ళు నొక్కుకున్నవాళ్ళు లేకపోలేదు. మూడో సెట్లో ఛేంబర్స్‌కి రెండు మ్యాచ్ పాయింట్లు. అందులో ఒకసారి సుజాన్ కొట్టిన బంతి రాకెట్ చట్రానికి తగిలి ఎలాగో నెట్ దాటి అవతల పడింది. మధ్యమధ్యలో నాన్నగారు స్టాండ్‌లోంచి బ్రాందీలో ముంచిన చక్కెర బిళ్ళలు విసురుతున్నారు. 10-8, 4-6, 9-7. అంత టెన్షన్‌లో చక్కెర బిళ్ళ ఒక్కటే ఆమెకి ముట్టిన పారితోషికం. అది మీ నిబంధనలకి విరుద్ధమా కాదా, వీలుంటే తెలియజెయ్యగలరు.

ఆ తరువాత ఆమెని ఆపినవాళ్ళు లేరు. 1920 ఆంట్‌వెర్ప్ ఒలింపిక్స్ సింగిల్స్ మొత్తం మీద పోగొట్టుకున్నవి నాలుగు గేములు. మిక్స్‌డ్‌లోనూ మాక్స్ దెకూజీతో కలిసి బంగారం. వింబుల్డన్ సింగిల్స్ ఆరు, డబుల్స్ ఆరు, మిక్స్‌డ్ మూడు. 1921లో అమెరికాలో అక్కడి ఛాంపియన్ మొల్లా మల్లోరీ మీద ఆడుతూ, దగ్గుతూ మధ్యలో తప్పుకుంది. మరుసటేడు వింబుల్డన్ ఫైనల్లో అదే మల్లోరీని 26 నిమిషాల్లో పంపించేసింది. ఈ పిల్లని చూడటానికి జనం విరగబడేసరికి పాత స్థలం చాల్లేదు. 1922లో వింబుల్డన్‌ని చర్చ్ రోడ్డుకి మార్చారు. ఇల్లు కట్టుకోవడానికి పనికొచ్చిన మనిషి ఇంట్లో వాటా అడక్కూడదు. మీ ధర్మం గొప్పది.

1926 ఫిబ్రవరిలో ఫ్రాన్స్‌లోని కాన్‌లో అమెరికన్ క్రీడాకారిణి హెలెన్ విల్స్‌తో ఆట. టికెట్ల ధర మండిపోయింది. కొనలేనివాళ్ళు చెట్లూ ఇళ్ళ పైకప్పులూ ఎక్కారు. సుజాన్ 6-3, 8-6తో గెలిచింది. ఆ జేబుల చప్పుడు మీకు వినపడలేదు, ఎందుకంటే అది క్లబ్బు జేబుల్లోది. పాపం, ఆటగాళ్ళ జేబులు గలగలమంటేనే మీ చెవులు పనిచేస్తాయి.

అదే ఏడు వింబుల్డన్‌లో ఆట వేళ మార్చిన సంగతి ఆమెకి సరిగా చేరలేదు, క్వీన్ మేరీ ఎదురుచూడాల్సి వచ్చింది. సుజాన్ అంటే నాకు అభిమానమే కానీ ఆవిడ నోరు, నఖరాలు కూడా తక్కువేం కాదు. గొడవ ముదిరింది, టోర్నీ నుంచి తప్పుకుంది.

ఆ ఆగస్టులోనే ఆమె సి.సి. పైల్ అనే అమెరికన్ ప్రమోటర్ కాగితం మీద సంతకం పెట్టింది, 50,000 డాలర్లకి. పన్నెండేళ్ళుగా టెన్నిస్‌కి లక్షల ఫ్రాంకులు తెచ్చిపెట్టాను, ఆడనిచ్చినందుకు ఎదురు ప్రవేశ రుసుము నేనే కట్టాను, ఇరవై ఏడేళ్ళొచ్చినా ఆస్తిపరురాలిని కాను అని రాసుకుంది. మీకు కోపం ఆ అంకెల మీదా, లేక ఎవరో లెక్క కట్టారన్నదాని మీదా?

అక్టోబర్‌లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మొదలుపెట్టి ఊరూరా తిరిగి మేరీ కె. బ్రౌన్ మీద 38 ఆటలాడింది. అన్నీ గెలిచింది. ఇటు వింబుల్డన్ క్లబ్బు ఆమె గౌరవ సభ్యత్వం పీకేసింది. గౌరవం అన్న మాట అక్కడ అంత తేలిగ్గా చిరిగే కాగితమని నాకప్పుడే తెలిసింది. ఆ తరువాత పారిస్‌లో పిల్లలకి టెన్నిస్ నేర్పుకుంది. 1938 జులై 4న, 39 ఏళ్ళకే పోయింది. రెండు రోజుల కిందటే వింబుల్డన్‌లో విల్స్ ఎనిమిదో కప్పు ఎత్తింది.

ముప్ఫై ఏళ్ళ తరువాత మీరూ పోయారు. ఆ ఏడు వింబుల్డన్ మగవాళ్ళలో గెలిచిన రాడ్ లేవర్‌కి 2,000 పౌండ్లు, ఆడవాళ్ళలో గెలిచిన బిల్లీ జీన్ కింగ్‌కి 750 పౌండ్లు ఇచ్చింది. మీ దాయాది ఎవరో అక్కడ లెక్కలు చూస్తున్నట్టున్నారు, అదింకో ఉత్తరం.

ఇప్పుడు ఫ్రెంచ్ ఓపెన్ జరిగే పారిస్ రొలాండ్ గారోస్‌లో మహిళల కప్పుకి సుజాన్ పేరు. రెండో పెద్ద కోర్టుకీ ఆమె పేరే. దానికి టికెట్ విడిగా అమ్ముతారు. బాగానే అమ్ముడుపోతుందిట.

ఇట్లు,
ఎప్పుడూ టికెట్ డబ్బులిచ్చే చూసినవాడు

తా.క.: ఈ ఉత్తరం మూల నేనే చింపి పంపుతున్నాను.